'పాస్డ్ అవుట్' అంటే చదువు పూర్తి చేయడమేనా? శ్రీకాకుళంలో ఒక నర్సుతో చేసిన ఫ్రేజల్ వెర్బుల పని

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఒక చిన్న గదిలో, విదేశాలకు వెళ్ళదలచిన నర్సులకు నేను కొన్నేళ్ళుగా ఇంగ్లీషు నేర్పుతున్నాను. వాళ్ళలో ఎక్కువ మంది ఆక్యుపేషనల్ ఇంగ్లీష్ టెస్ట్, అంటే ఓఈటీ రాయడానికి వస్తారు. ఇది ఆరోగ్యరంగంలో పనిచేసేవారికి పెట్టే పరీక్ష. ఇక్కడ రాస్తున్నది ఒకే ఒక్క విద్యార్థిని కేసు. ఆమె ఒప్పుకున్న తర్వాతే రాస్తున్నాను. ఆమె పేరు, పనిచేసిన ఆసుపత్రి పేరు చెప్పడం లేదు.

ఆమెది వంశధార ఒడ్డున ఉన్న పల్లె. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివింది. తర్వాత బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో మూడేళ్ళు పనిచేసింది. నా దగ్గరికి వచ్చేటప్పటికే ఓఈటీ ఒకసారి రాసి ఉంది. బ్రిటన్‌లో నర్సులను నమోదు చేసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వినడం, చదవడం, మాట్లాడటం అనే మూడింటిలో 350, రాయడంలో 300 అడుగుతుంది. ఆమెకు చదవడంలో 370, మాట్లాడటంలో 350, రాయడంలో 330 వచ్చాయి. వినడంలో మాత్రం 310 దగ్గర ఆగిపోయింది. "యాస అర్థం కావడం లేదు మాస్టారూ" అన్నది ఆమె మొదటి ఫిర్యాదు. చాలామంది అదే చెబుతారు కాబట్టి నేనూ మొదట నమ్మాను.

ఓఈటీ వినికిడి భాగంలో మొత్తం 42 ప్రశ్నలు ఉంటాయి. వాటిలో 24 మొదటి భాగంలోనే వస్తాయి. రోగికీ వైద్య సిబ్బందికీ జరిగే రెండు సంభాషణలు వింటూ, రోగి చెప్పిన దాన్ని కేస్ షీటులోని ఖాళీల్లో నింపాలి. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. ఆమె మార్కులు పోయింది ఈ మొదటి భాగంలోనే అని నమూనా పరీక్షల్లో తేలింది. వైద్యులు, నర్సులు తమలో తాము మాట్లాడుకునే రెండో భాగంలో ఆమెకు దాదాపు ఇబ్బంది లేదు. యాసే సమస్య అయితే అది రెండు చోట్లా ఒకేలా ఉండాలి. వైద్యుడి ఇంగ్లీషు అర్థమై రోగి ఇంగ్లీషు అర్థం కావడం లేదంటే కారణం ఉచ్చారణ కాదు, రోగి వాడే మాటలు అని నాకు అనుమానం వచ్చింది.

మొదటి పరీక్షలో దొరికినవి

యాస అన్న సందేహం పూర్తిగా తొలగించుకోవడానికి, రోగులు మాట్లాడే తీరులో 30 వాక్యాలు నేనే రాసి, నా గొంతుతోనే నెమ్మదిగా చదివాను. విన్నది తెలుగులో రాయమన్నాను. 17 వాక్యాలు తప్పాయి. తప్పిన ప్రతి వాక్యంలోనూ ఒక క్రియ, దాని వెనక 'అప్', 'ఆఫ్', 'అవుట్', 'డౌన్', 'రౌండ్' లాంటి ఒక చిన్న మాట ఉన్నాయి. ఇలాంటి జంటలనే ఫ్రేజల్ వెర్బులు అంటారు. ఆ చిన్న మాటను మేము తరగతిలో తోక అని పిలవడం మొదలుపెట్టాం. ఇక మీదట అదే వాడతాను.

'ఐ బ్రాట్ అప్ మై బ్రేక్‌ఫాస్ట్' అన్న వాక్యానికి ఆమె "టిఫిన్ పైకి తెచ్చుకున్నారు" అని రాసింది. రోగి చెప్పింది తిన్నది వాంతి అయిందని. 'హి కేమ్ రౌండ్ అబౌట్ ఫోర్' అంటే "నాలుగింటికి చూడటానికి వచ్చాడు" అని రాసింది. ఈ తప్పును తప్పు అనడానికి నాకే మనసొప్పలేదు. ఇంగ్లీషులో ఆ మాటకు ఇంటికి వచ్చి పలకరించడం అన్న అర్థమూ ఉంది, మత్తు వదిలి తెలివి రావడం అన్న అర్థమూ ఉంది. వాక్యానికి ముందు ఆపరేషన్ ప్రస్తావన ఉంది కాబట్టి రెండోదే సరైనది. 'ఐ హావ్ గాన్ ఆఫ్ మై ఫుడ్' అన్నది "భోజనానికి వెళ్ళారు" అయింది. అక్కడ రోగి చెబుతున్నది తిండి సయించడం లేదని, అంటే పూర్తిగా దానికి ఎదురు.

'మై హజ్బెండ్ పాస్డ్ అవుట్ ఇన్ ద కిచెన్' దగ్గర ఆమె "భర్త చదువు పూర్తయింది, వంటపని" అని రాసింది. ఎందుకలా రాశావని అడిగితే, "కేటరింగ్ కోర్సు చేశాడేమో అనుకున్నాను మాస్టారూ, నేను 2019లో పాస్ అవుట్ అయ్యానని మనం చెప్పుకుంటాం కదా" అంది. ఈ జవాబు నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ఆమె అక్షరార్థం తీసుకోలేదు, నుడికారపు అర్థమే తీసుకుంది. కాకపోతే అది మన దేశపు ఇంగ్లీషులో స్థిరపడిన నుడికారం. బ్రిటన్‌లో సైనిక శిక్షణ ముగించినవారి విషయంలో ఆ మాట అలాగే వాడతారు గానీ, ఆసుపత్రిలో రోగి నోట వచ్చిందంటే దాని అర్థం స్పృహ తప్పిందనే. వంటగదిలో మనిషి కూలిపోయాడని చెబితే, నర్సు ఆ మనిషి డిగ్రీ గురించి రాసుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అంటే ఈ తప్పులకు మూలాలు మూడు. ఒకటి, క్రియనూ తోకనూ విడివిడిగా చదివి మాటకు మాట అర్థం కట్టుకోవడం. రెండు, తోకను అసలు వినకుండా క్రియతోనే సరిపెట్టుకోవడం. మూడు, మన ఇంగ్లీషులో ఆ జంటకు ఉన్న వేరే అర్థాన్ని తెచ్చిపెట్టుకోవడం. వీటిలో అతి ప్రమాదకరమైనది రెండోది, ఎందుకంటే అక్కడ విన్న మనిషికి తనకు ఏదో తప్పిపోయిందన్న సంగతే తెలియదు.

దీనికి ఒక ఉదాహరణ పొగతాగే అలవాటు. 'టుక్ అప్ స్మోకింగ్' అంటే మొదలుపెట్టాడు, 'కట్ డౌన్' అంటే తగ్గించాడు, 'గేవ్ అప్' అంటే మానేశాడు. 30 వాక్యాల్లో ఈ మూడూ వేర్వేరు చోట్ల ఉన్నాయి. మూడు చోట్లా ఆమె రాసింది ఒకటే: "సిగరెట్ తాగుతారు." ఊపిరితిత్తుల వ్యాధి ఉన్న రోగి విషయంలో ఈ మూడు చరిత్రలూ ఒకటి కావు.

నేను చేసిన పొరపాటు

మొదటి నెల నేను అందరూ చేసే పనే చేశాను. వైద్యానికి సంబంధించిన రెండు వందల ఫ్రేజల్ వెర్బులు ఒక పట్టికగా రాసి, ప్రతిదాని ఎదురుగా తెలుగు అర్థం పెట్టి, రోజుకు పది చొప్పున కంఠతా పట్టించాను. ఆమె శ్రద్ధ గల మనిషి, అన్నీ అప్పజెప్పింది. నెల చివర పెట్టిన నమూనా పరీక్షలో మార్పు నామమాత్రం.

కారణం పట్టికలోనే ఉంది. 'పుట్ ఆఫ్' ఎదురుగా నేను "వాయిదా వేయడం" అని రాశాను. పరీక్షలో రోగి 'ద స్మెల్ పుట్ మి ఆఫ్ మై డిన్నర్' అంటాడు. వాసన భోజనాన్ని వాయిదా వేయించిందని ఆమె రాసింది. నిజానికి ఆ వాసనకు అతడికి తిండి మీద అసహ్యం పుట్టింది. 'గో ఆఫ్'కు నేను ఇచ్చిన అర్థం "మోగడం". అలారం మోగుతుంది నిజమే, కానీ పాలు 'గో ఆఫ్' అయితే విరిగిపోతాయి, బాంబు అయితే పేలుతుంది, మనిషి తిండి మీద 'గో ఆఫ్' అయితే ఆకలి చస్తుంది. ఒక మాటకు ఒక అర్థం అని పట్టిక రాసినవాడు విద్యార్థికి సాయం చేయడం లేదు. అప్పటిదాకా ఆమెలో ఉన్న సహజమైన సందేహాన్ని కూడా పోగొట్టి, తెలిసిందన్న తప్పుడు ధైర్యం ఇస్తున్నాడు. ఆ పట్టికను నేను మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు.

ఈ చిక్కు కొత్తది కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే, క్రియ వెనక చిన్న మాట చేరి అర్థం మారిపోయే ఈ పద్ధతి విదేశీయులకు అన్నిటికన్నా కష్టమైనదని చెప్పి, ఉదాహరణలు వరసగా ఇచ్చాడు. వాటిలో 'టేక్ ఆఫ్' ఒకటి. దానికి ఆయన ఇచ్చిన అర్థం నకలు తీయడం. ఈనాటి విద్యార్థికి అదే మాట వినగానే విమానం గుర్తొస్తుంది, నర్సుకు కట్టు విప్పడం గుర్తొస్తుంది. ఈ క్రియలకు 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు మాత్రం జాన్సన్ నాటిది కాదు. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన పుస్తకంతో అది వాడుకలోకి వచ్చింది.

వార్డు మాటలతో మొదలు

దారి దొరికింది ఒక సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి నేరుగా తరగతికి వచ్చినప్పుడు. ఆ రోజు వార్డులో చేరిన ఒక ముసలాయన గురించి చెబుతూ, "ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట కూడా పడిపోయింది" అంది. నేను ఆపి, కాలు ఎక్కడ పడిందని అడిగాను. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. తెలుగు రాని ఒక నర్సు మీ వార్డులో ఉండి, నిఘంటువు చూసి ఆ మాట రాసుకుంటే ఏమని రాస్తుందని అడిగాను. కొంతసేపు మౌనంగా ఉండి, "కాలు తెగి కింద పడిందని రాస్తుంది" అంది. మరి కేస్ షీటులో నువ్వు ఏమి రాశావంటే, ఎడమవైపు పక్షవాతం అని రాశానంది.

అక్కడి నుంచి పుస్తకాలు పక్కన పెట్టాం. వారం రోజులపాటు వార్డులో రోగులు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు చెప్పే మాటలను ఉన్నవి ఉన్నట్టుగా, మనుషుల వివరాలు లేకుండా, ఒక నోటుబుక్కులో రాసుకు రమ్మన్నాను. ఈ జిల్లాలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పుస్తకాల్లో లేని సవర భాషను జనం నోట విని నేర్చుకుని 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు ప్రచురించిన సంగతి మాకు ఇక్కడ చిన్నప్పటి నుంచీ తెలుసు. భాషను మాట్లాడేవాళ్ళ దగ్గరే పట్టుకోవాలన్న పద్ధతి నాకు అక్కడి నుంచే వచ్చింది.

ఆమె నోటుబుక్కు నిండా వచ్చిన మాటలు చూసి నాకే ఆశ్చర్యం కలిగింది. కళ్ళు తిరుగుతున్నాయి. కడుపులో తిప్పుతోంది. నడుం పట్టేసింది. పిల్లకి అమ్మవారు పోసింది. కోడలు నీళ్ళోసుకుంది. ఈమధ్య బాగా ఒళ్ళు చేసింది. మత్తు దిగలేదు. మంచాన పడ్డాడు. తెలివొచ్చింది. వీటిలో ఒక్కటి కూడా మాటకు మాట అర్థం చెప్పుకుంటే వైద్యానికి పనికి రాదు. నీళ్ళోసుకుందంటే స్నానం చేసిందని ఎవరూ అనుకోరు, నెల తప్పిందనే అర్థం. ఒళ్ళు చేసిందంటే బరువు పెరిగిందని, తెలివొచ్చిందంటే స్పృహ వచ్చిందని ఆమె క్షణం ఆలోచించకుండా కేస్ షీటులోకి ఎక్కిస్తుంది. ఇంగ్లీషు రోగి 'పుట్ ఆన్ వెయిట్' అన్నా 'కేమ్ రౌండ్' అన్నా చేస్తున్నది ఆ పనే. రోగి మాట నుంచి కేస్ షీటు మాటకు దాటడం ఆమెకు మూడేళ్ళుగా రోజూ చేస్తున్న పని. ఇంగ్లీషులో కూడా అదే చేయాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు.

డిగ్రీలో అలంకారశాస్త్రం చదివిన రోజులు నాకు ఇక్కడ పనికొచ్చాయి. మన పెద్దలు మాటకు వాచ్యార్థం, అంటే నేరుగా వచ్చే అర్థం వేరు, లక్ష్యార్థం, అంటే వాడుకలో తీసుకునే అర్థం వేరు అన్నారు. కావ్యప్రకాశం రాసిన మమ్మటుడు 'కుశలుడు' అన్న మాటను ఉదాహరణగా తీసుకున్నాడు. అక్షరాలా అది దర్భలు కోసేవాడని. కానీ ఆ మాట విన్నవాడికి దర్భ గుర్తుకు రాదు, నేర్పరి అన్న అర్థమే వస్తుంది. దీన్ని రూఢి అంటారు. 'గివ్ అప్'లో ఇచ్చేదీ లేదు, పైకీ లేదు, మానేయడం ఒక్కటే ఉంది. అది రూఢి. 'సిట్ డౌన్'లో రెండు మాటలూ తమ సొంత అర్థాలతోనే ఉన్నాయి. 'బ్రింగ్ అప్' ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది, ఎందుకంటే కడుపులోది నిజంగానే పైకి వస్తుంది. ఇలా ప్రతి జంటనూ తెలుగు మాటల పక్కన పెట్టి, ఇది పూర్తి రూఢియా, సగం బొమ్మ కనిపిస్తుందా, మాటకు మాట సరిపోతుందా అని చర్చించుకున్నాం. కంఠతా పట్టడం పూర్తిగా ఆపేశాం.

తోక ఏమి చేస్తుంది

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది 'అప్' మీద చేసిన పని. బడిలో 'అప్' అంటే పైకి అని నేర్పుతారు. ఆ ఒక్క అర్థమే పట్టుకుంటే 'ఈట్ అప్', 'డ్రింక్ అప్', 'డ్రై అప్', 'క్లియర్ అప్' ఏవీ అర్థం కావు. వీటిలో 'అప్' చెప్పేది పని పూర్తయిందని. తెలుగులో ఆ పని చేసేది క్రియ చివర చేరే 'వేయు', 'పోవు'. తిన్నాడు వేరు, తినేశాడు వేరు. ఎండింది వేరు, ఎండిపోయింది వేరు. శ్రీకాకుళంలో మేము "తినీసినాడు", "మాత్రలు మింగీసినాడు" అంటాం. "సిగరెట్లు ఒగ్గీసినాను" అంటాం. ఆ చివరి మాట ఆమె నోట రాగానే 'గేవ్ అప్' ఆమెకు శాశ్వతంగా అతుక్కుపోయింది. వదిలేయడంలో 'వేయు' ఎలాంటిదో, 'గివ్ అప్'లో 'అప్' అలాంటిది. ఇన్‌ఫెక్షన్ 'క్లియర్డ్ అప్' అంటే తగ్గిపోయింది. ఇక్కడ తోక 'పోవు'కు సమానం. వెన్ను 'సీజ్డ్ అప్' అంటే నడుం పట్టేసింది. ఇక్కడ మన మాటా వాళ్ళ మాటా దాదాపు ఒకటే. పట్టడం రెంటిలోనూ ఉంది, దాన్ని పూర్తి చేసే చిన్న మాటా రెంటిలోనూ ఉంది.

అయితే ఈ పోలికను నియమంగా తీసుకోకూడదని ఆమెకు మొదటి రోజే చెప్పాను. 'ఫ్లేర్ అప్'లో 'అప్' పూర్తవడం కాదు, ఎగదన్నడం. తగ్గిన కీళ్ళ నొప్పి మళ్ళీ భగ్గుమందని రోగి చెబుతున్నాడు. 'త్రో అప్'లో అది నిజంగానే పైకి.

'ఆఫ్' దగ్గర మాకు దొరికినది వేరొకటి. మత్తుమందు 'వోర్ ఆఫ్' అయిందంటే ఆమెకు 'వేర్' అనగానే బట్టలు గుర్తొచ్చి, రోగి గౌను తీశారని రాసింది. కానీ ఆ క్రియకు అరగడం అన్న అర్థం కూడా ఉంది. చెప్పు అరుగుతుంది, నాణెం మీద బొమ్మ అరుగుతుంది. అరిగి అరిగి వదిలిపోవడమే 'వేర్ ఆఫ్'. తెలుగులో మత్తు ఎక్కుతుంది, దిగుతుంది. మనం చూసే బొమ్మ మెట్లది, వాళ్ళు చూసే బొమ్మ అరుగుదలది. ఒకే అనుభవాన్ని రెండు భాషలు రెండు వేర్వేరు బొమ్మలతో చూపిస్తున్నాయని అర్థమైన రోజున, 'వేర్ ఆఫ్' అంటే దిగడం అని ఆమె ఇక కంఠతా పట్టాల్సిన పని లేకపోయింది. వ్యాధి గురించి 'డౌన్' తోకతో వచ్చే మాటలు మాత్రం రెండు భాషల్లోనూ కలుస్తాయి. ఫ్లూతో 'కేమ్ డౌన్' అయ్యాడంటే జబ్బున పడ్డాడని, వాపు 'వెంట్ డౌన్' అంటే తగ్గిందని.

తర్వాత వాక్య నిర్మాణం మీద కూర్చున్నాం. ఇంగ్లీషులో తోక ఎప్పుడూ క్రియకు ఆనుకునే ఉండదు. 'ఐ కుడ్ నాట్ కీప్ ఈవెన్ ఎ సిప్ ఆఫ్ వాటర్ డౌన్' అన్న వాక్యంలో 'కీప్'కూ 'డౌన్'కూ మధ్య ఐదు మాటలు ఉన్నాయి. ఆమె 'కీప్', 'వాటర్' విని నీళ్ళు దగ్గర పెట్టుకున్నారని రాసింది. గుక్కెడు నీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదన్న సంగతి చివరి మాటలో ఉంది. ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక లాభం ఉందని నా గట్టి నమ్మకం. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది. మాత్ర వేసుకున్నాడా, వేసుకోలేదా అన్నది చివరి అక్షరాల్లోనే తేలుతుంది. అందువల్ల తెలుగు చెవికి చివరిదాకా ఆగడం పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేయడంతో అర్థం అయిపోయిందనుకుని ఆ అలవాటును మనమే వదులుకుంటున్నాం. రోగి ఊపిరి తీసుకునేదాకా పెన్ను పెట్టవద్దని ఆమెకు ఒక నియమం పెట్టాను.

ఊనిక, అంటే మాటను నొక్కి పలకడం, కూడా సాయం చేసింది. 'షి కేమ్ టు ద హాస్పిటల్' అన్నప్పుడు 'టు' గొంతులో నలిగిపోయి వినిపించీ వినిపించకుండా పోతుంది. 'షి కేమ్ టూ ఇన్ ది అంబులెన్స్' అన్నప్పుడు అదే మాట నిండుగా, బలంగా పలుకుతుంది, అంబులెన్సులో ఆమెకు తెలివొచ్చిందని అర్థం. తోకగా పనిచేసే మాటకు ఊనిక ఉంటుంది. దిక్కునో చోటునో చూపే మాటకు సాధారణంగా ఉండదు. ఇది పుస్తకంలో చదివితే పట్టుబడదు. ఒక్కో జంట వాక్యాన్ని పది పన్నెండు సార్లు పలికించి, ఆమెతోనే రికార్డు చేయించి, ఆమెకే వినిపించాను.

పని చేయని చోటు

మాట్లాడే పరీక్షకు సాధన చేస్తుండగా జరిగిన ఒక సంఘటన ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఓఈటీలో రెండు పాత్రాభినయాలు ఉంటాయి, ఒక్కొక్కటి సుమారు 5 నిమిషాలు. నేను ఒక ముసలి తల్లిని వృద్ధాశ్రమంలో చేర్చడానికి వచ్చిన కూతురి పాత్ర చేస్తూ, 'ఐ ఫీల్ ఐ హావ్ లెట్ హర్ డౌన్' అన్నాను. ఆమె వెంటనే, చాలా శ్రద్ధగా, అమ్మగారు ఎప్పుడు పడ్డారు, తలకు దెబ్బ తగిలిందా, ఎముక విరిగిందా అని అడగడం మొదలుపెట్టింది. తల్లిని చేతుల్లోంచి జారవిడిచారని ఆమెకు అర్థమైంది. కూతురు చెబుతున్నది అది కాదని, తల్లి నమ్మకాన్ని నిలబెట్టలేకపోయానన్న బాధ అని నేను వివరించినప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా వార్డులో ఎవరైనా ఇలా అంటే నేను చెయ్యి పట్టుకుంటాను మాస్టారూ, ఎముకల గురించి అడగను" అంది.

మన ఊళ్ళో అయితే ఆ కూతురు ఏమంటుందని అడిగాను. "అమ్మని సరిగా చూసుకోలేకపోయాను అంటుంది" అంది. చూడటం వేరు, చూసుకోవడం వేరు. 'కొను' చేరడంతో కంటి పని కాస్తా మనసు పని అయింది. 'లుక్'కు 'ఆఫ్టర్' చేరినప్పుడు జరిగేదీ అదే. అక్కడి నుంచి 'లెట్ డౌన్'ను మేము వాక్యం మొత్తంగా, ఆ కూతురి గొంతుతో కలిపి నేర్చుకున్నాం. 'పుట్ అప్ విత్' (తప్పక భరించడం), 'గెట్ ఓవర్' (బాధ నుంచి తేరుకోవడం), 'బాటిల్ అప్' (మనసులోనే అణచుకోవడం), 'బ్రేక్ డౌన్' (తట్టుకోలేక ఏడ్చేయడం) లాంటివి అన్నీ ఇదే కోవలోవి. తోకల తర్కం వీటి దగ్గర కొద్ది దూరమే నడుస్తుంది. నొప్పినో బాధనో చెప్పే మనిషిని ఊహించుకోకుండా, ఆ మనిషి నోట వచ్చే పూర్తి వాక్యం లేకుండా ఈ మాటలు నేర్పకూడదని ఆ రోజు నుంచి నా నిర్ణయం. కొందరు శిక్షకులు వీటికి కూడా బొమ్మలు గీసి నేర్పిస్తారు. 'పుట్ అప్ విత్'కు నిజాయితీగా గీయగలిగిన బొమ్మ నాకు ఇంతవరకు కనిపించలేదు.

రాత విషయంలో చిక్కు తక్కువే గానీ ఒకటి చెప్పాలి. ఓఈటీ రాత భాగంలో రాయాల్సిన ఉత్తరంలో ఫ్రేజల్ వెర్బులు వాడకూడదని ఆమెకు ఎవరో చెప్పారు. 'త్రో అప్' బదులు 'వామిట్', 'పాస్ అవుట్' బదులు 'లూజ్ కాన్షస్‌నెస్' రాయాలన్నంత వరకు అది సరైనదే. కానీ ఆ భయంతో ఆమె 'ఫాలో అప్', 'రూల్ అవుట్', 'క్యారీ అవుట్' కూడా తప్పించి, వాటి స్థానంలో మెలికలు తిరిగిన వాక్యాలు రాసేది. వైద్యులు రోజూ ఉత్తరాల్లో రాసే మాటలు ఇవి. మలేరియా కాదని తేల్చుకోవడానికి 'రూల్ అవుట్' కన్నా సూటి మాట లేదు. ఏది రోగి మాటో, ఏది వృత్తి మాటో తెలుసుకుంటే చాలునని చెప్పడంతో ఈ చిక్కు రెండు తరగతుల్లో తీరింది.

తర్వాత

మొదటి నెల వృథా అయినా, తర్వాతి మూడు నెలలు వారానికి నాలుగు రోజులు పనిచేశాం. చివర్లో అదే స్థాయిలో కొత్తగా రాసిన 30 వాక్యాలు చదివాను. 5 తప్పాయి. తప్పిన ఐదింటిలో మూడు మనసుకు సంబంధించినవే. ఓఈటీ రెండోసారి రాసినప్పుడు వినడంలో 360 వచ్చింది. ఒక్క కేసు నుంచి పద్ధతి గొప్పదని చెప్పను. ఆమెకు వార్డు అనుభవం, సొంత ఊరి తెలుగు మీద మమకారం రెండూ ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మాధ్యమంలోనే చదివి, కాలు పడిపోయిందన్న మాట కూడా సరిగా వినని పిల్లలతో ఇదే పని చేసినప్పుడు వార్డు నోటుబుక్కు అంత తొందరగా నిండలేదు. వాళ్ళను ముందు ఇంట్లో అమ్మమ్మలతో, నాయనమ్మలతో మాట్లాడి మాటలు రాసుకు రమ్మంటున్నాను.

ఆమె ఇప్పుడు ఇంగ్లండులో ఒక వార్డులో పనిచేస్తోంది. నోటుబుక్కు వెంట తీసుకెళ్ళింది. ఎడమ పేజీలో అక్కడి రోగులు చెప్పిన మాట, కుడి పేజీలో శ్రీకాకుళంలో తన అమ్మ అయితే ఏమనేదో ఆ మాట రాస్తుంది. కిందటి వారం ఫోన్ చేసి, ఒక పెద్దాయన కుర్చీలోనే 'నాడ్ ఆఫ్' అయ్యానన్నాడని, తల ఊగడం అన్న బొమ్మ కనిపిస్తోంది గనక దాన్ని కునికిపాటు అని రాసుకోవచ్చా అని అడిగింది. రాసుకోమన్నాను. అంతకు ముందు పేజీలో ఇంకా కుడివైపు ఖాళీగా ఉన్న మాట ఒకటి ఉందని, అది 'పుట్ అప్ విత్' అని చెప్పింది. "ఓర్చుకోవడం అని రాయనా మాస్టారూ" అంది. ఓర్చుకోవడంలో మన 'కొను' ఉంది, కానీ ఇష్టం లేకపోయినా తప్పక భరిస్తున్నానన్న విసుగు అందులో రావడం లేదు. ఆ గడిని ఇద్దరం ఇంకా ఖాళీగానే ఉంచాం.